బొటనవేలు ఫ్రేములో పడకూడదు

పిల్లలకు ఒక పని నేర్పాలంటే అన్నిటికంటే ముందు చేయవలసింది, వాళ్ల చేతుల్లోంచి ఆ పని లాక్కోవడం!

నవ్వకండి. రెండు పూటలు అన్నం మానేసి ఆలోచించి మరీ తేల్చిన సంగతి ఇది. పిల్లల చేతులు పనికి పరమ శత్రువులు. వంకరగా పోతాయి. జిగటగా ఉంటాయి. మధ్యలో ముక్కు గోకడానికి వెళ్లి వస్తాయి. అలాంటి చేతులతో చేసిన వస్తువు ఫోటోలో బాగుంటుందా? ఫోటోలో బాగుండని విద్య వస్తే ఎంత, రాకపోతే ఎంత?

మన పెద్దవాళ్లకు ఈ జ్ఞానం లేకపోయింది. పిల్లకు మూడు గుడ్డ పేలికలు ఇచ్చి "అల్లుకో పో" అనేవాళ్లు. అది వంకరగా అల్లేది, విప్పేది, మళ్లీ అల్లేది. నాలుగో రోజుకు పని చేతికి వచ్చేది. వచ్చింది సరే, రుజువేదీ? ఒక్క వీడియో ఉందా? ఒక్క సర్టిఫికెట్ ఉందా? ఇన్ని తరాలుగా పిల్లలు తాళ్లు పేనారనీ, బుట్టలు అల్లారనీ మనం వట్టి నోటిమాట మీద నమ్ముతూ వస్తున్నాం. ఎంత అమాయకులం!

ఆ లోటు తీర్చడానికి పుట్టిందే 'హోమ్ బాండింగ్ యాక్టివిటీ'. బడి వాళ్ల దగ్గర్నుంచి మెసేజీగా ఫోన్‌లో దిగుతుంది. గడువులోగా వీడియోగా మారి మళ్లీ అదే ఫోన్‌లోంచి పైకి ఎక్కాలి. కొందరు తల్లులు దీన్ని పీడ అంటున్నారు. విశ్వాసం లేని మనుషులు! దీనివల్ల ఎంత మేలు జరుగుతుందో తెలియాలంటే మదనపల్లెలో సువర్ణ ఇంట్లో ఏం జరిగిందో వినాలి.

సువర్ణ ఒక మిషన్ ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. కాపురం కూడా ఆ పక్క వీధిలోనే. భర్త డేనియల్‌కు కుప్పంలో ఉద్యోగం. శనివారం బస్సెక్కి వస్తాడు, సోమవారం తెల్లారకముందే మళ్లీ బస్సెక్కుతాడు. కూతురు క్రిస్టినా ఒకటో తరగతి. కొడుకు సైమన్‌కు నాలుగేళ్లు. వాడింకా బడిలో చేరలేదు కాబట్టి ప్రస్తుతానికి స్వతంత్రుడు.

వార్డులో సువర్ణ చెయ్యి వణకదు. ఎవరికీ దొరకని నరం ఆమెకు దొరుకుతుంది. అంతటి మనిషికి పేరెంట్స్ గ్రూపు తెరిస్తే మాత్రం గుండె దడ. పోయిన నెల 'ఆకులతో బొమ్మ' వీడియోకు ఆమె కూతురికి వచ్చిన లైకులు మూడు. ఒకటి తనది, ఒకటి డేనియల్‌ది. మూడోది ఎవరో పొరపాటున నొక్కి, తర్వాత తీసేసుకున్నారు. ఆనాటి నుంచి బడి గేటు దగ్గర తోటి తల్లుల మొహం చూడలేకపోతోంది. ఈసారి పిల్ల వెనకబడకూడదు. ఆమె కోరిక అంతే. అందులో తప్పేముంది చెప్పండి?

ఇంతలో క్లాస్ టీచర్ సుధారాణి మిస్ మెసేజీ పెట్టింది. "డియర్ పేరెంట్స్, ఈసారి యాక్టివిటీ సింపుల్ తాడు అల్లిక. ఇంట్లో పిల్లలతో షేర్ చేసుకోండి. వీడియో ఒక్క నిమిషం దాటరాదు. అల్లిక నీట్‌గా ఉండాలి. బ్యాక్‌గ్రౌండ్ క్లీన్‌గా ఉండాలి. చైల్డ్ హ్యాపీగా కనిపించాలి. గడువు తొమ్మిది రోజులు." ఈ షరతుల్లో చైల్డ్ అల్లాలి అన్న షరతు ఎక్కడా లేదని గమనించగలరు. చదువుకున్నవాళ్లు రాస్తే అలాగే ఉంటుంది!

వెంటనే నలభైమంది తల్లులు నలభై అల్లిక కిట్లకు ఆర్డరు పెట్టారు. సువర్ణ కిట్టు దారి తప్పి పుంగనూరు చేరింది. వీక్లీ ఆఫ్ రోజున బస్సెక్కి పోయి, ఎండలో మూడు వీధులు తిరిగి, తెచ్చుకుంది. డబ్బాలో మూడు రంగుల శాటిన్ దారాలు, ఒక ప్లాస్టిక్ క్లిప్పు, ఇరవై పేజీల పుస్తకం. అట్ట మీద 'చాలా సులభం' అని ఉంది. లోపల ఇరవై పేజీలూ అది ఎందుకు సులభమో వివరించారు.

గ్రూపులో ఆ వారమంతా ఒకటే చర్చ. మూడు పోగులు అల్లడం ఎలా? కుడి పోగు ముందా, ఎడమ పోగు ముందా? యూట్యూబ్ లింకులు అటునుంచి ఇటు, ఇటునుంచి అటు. ఆ చర్చ చేసిన నలభైమందీ పొద్దున్నే లేచి, సగం నిద్రలో, ఒక కన్ను పాల గిన్నె మీద పెట్టి, కూతుళ్లకు తలా రెండు జడలు వేసి పంపిస్తున్నవాళ్లే. జడకూ తాడుకూ ఏమిటి సంబంధం? జడకు కిట్టు లేదు కదా!

మగవాళ్లు కూడా తక్కువ తినలేదు. గురుమూర్తి అనే తండ్రి పూలదండలు కట్టే ఆవిణ్ణి పిలిపించి, మట్టిగాజులు తీయించి, చేతులకు పౌడరు పూయించి కెమెరా ముందు కూర్చోబెట్టాడు. వీడియోలో మోచేతుల దాకానే చూపించి 'మై సన్ అండ్ హిజ్ మామ్' అని రాశాడు. వాళ్లావిడ ఆ సమయానికి బ్యాంకులో ఉంది.

సువర్ణకు గడువు ఇంకా ఒక్క రోజు ఉందనగా, శనివారం ఉదయం, అత్తగారు జయరత్నమ్మ ఊడిపడింది.

ఆమెది రామసముద్రం పక్క పల్లె. అదే ఆస్పత్రిలో ముప్ఫై ఏళ్లు ఆయాగా చేసింది. పాతబడిన దుప్పట్లు చింపి, పేలికలు చేసి, అల్లి, కర్టెన్లు కట్టే తాళ్లుగా మార్చడం ఆ రోజుల్లో ఆమె మధ్యాహ్నపు పని. ఇప్పుడు రెండు మేకలు మేపుకుంటోంది. వచ్చేటప్పుడు సంచిలో ఒక పాత దుప్పటి తెచ్చుకుంది. ఎందుకంటే చుక్క అనే ఆమె మేకపిల్లకు కాళ్లు ముదిరాయి. పక్కవాళ్ల వేరుశనగ చేలో పడి మేసి వస్తోంది. దానికొక తాడు కావాలి.

"నేనల్లిస్తా జేజీ!" అంది క్రిస్టినా. నాన్నమ్మను ఆ పిల్ల జేజి అంటుంది.

"రేపు సాయంత్రం బస్సుకు పోవాల నేను. ఆలోపల అయితాదామే?"

"అయితాది!"

చూశారా, ఆరేళ్ల పిల్ల ఒక మేకపిల్లకు మాట ఇచ్చేసింది.

జయరత్నమ్మ నేలమీద కాళ్లు చాపి కూర్చుంది. మూడు పేలికలు చింపి, కొసలు కలిపి ముడేసి, ఆ ముడిని తన కుడికాలి బొటనవేలికి తగిలించింది. మిగతా కొసలు మనవరాలి చేతికిచ్చింది.

"ఈ పక్కది నడిమికి తే. మళ్లా ఆ పక్కది నడిమికి. అంతే. నువ్వు లాగతాండు, నా కాలు పట్టుకోనుంటాది."

క్రిస్టినా నాలుక బయటపెట్టి అల్లసాగింది. వంకరే. ఒకచోట బిగువు, ఒకచోట వదులు. జేజి చెయ్యి పెట్టలేదు. పిల్ల తప్పు అల్లినప్పుడల్లా బొటనవేలు ఆడించేది. అది చూసి పిల్ల కిలకిల నవ్వి, విప్పి, మళ్లీ అల్లేది. జానెడు తాడు అయింది.

సరిగ్గా అప్పుడే సువర్ణ ఫోన్ పట్టుకుని వచ్చింది. స్క్రీన్‌లో చూసి అదిరిపడింది. కూతురి మొహం ముందు, పగుళ్లు తేలి, ఎప్పుడో బెడ్‌పాన్ పడి గోరు నల్లబడిన బొటనవేలు!

"అత్తా, కాలు తీయండి. ఫ్రేములో పడతాండాది."

"కాలు తీస్తే తాడు యాడ నిలబడతాదమ్మా?"

ముసలివాళ్ల వాదన ఇలాగే ఉంటుంది. నిజానికి ఆ బొటనవేలిలో ఎన్ని లోపాలో చూడండి. దానికి డబ్బా లేదు. పుస్తకం లేదు. రంగుల ఎంపిక లేదు. పైగా దాని వెనక ఒక మనిషి ఉంటుంది. ఆ మనిషి కథలు చెబుతుంది, తప్పుచేస్తే నవ్విస్తుంది, పిల్ల వదిలేదాకా కదలకుండా కూర్చుంటుంది. ఒక్క నిమిషం వీడియోలో ఇదంతా ఎక్కడ పట్టేను?

సువర్ణ పేలికలు పక్కన పెట్టించి కిట్టు తెరిచింది. క్లిప్పు మొదటి లాగుడుకే విరిగింది. నర్సు కదా, బల్లకు మైక్రోపోర్ టేపు వేసి అంటించింది. గాయాల మీద నాలుగు రోజులు ఊడని టేపు బల్ల మీద నాలుగు క్షణాలు ఆగలేదు. బీరువాలో ట్రైనింగ్ నాటి ఆర్టరీ ఫోర్సెప్స్ ఉంటే తీసి, దారాల కొసను రక్తనాళాన్ని పట్టినట్టు బిగించి, ఫోర్సెప్స్‌ను కుర్చీకి కట్టింది. అప్పటికి గానీ అత్తగారి బొటనవేలికి సరైన ప్రత్యామ్నాయం దొరకలేదు.

ఇక షూటింగ్. డైరెక్టర్ డేనియల్ కుప్పం బస్సులో ఉన్నాడు, వీడియో కాల్లో.

"సువర్ణా, లైటు యాడనుంచి వస్తాండాది? పాపను కిటికీ పక్కకు తిప్పు. నవ్వమను. అట్ల కాదు, ఇంగా..." ఇంతలో వెంకటగిరికోట దగ్గర సిగ్నల్ పోయింది. పలమనేరు దాటాక మళ్లీ వచ్చి, ఆపిన మాట దగ్గర్నుంచే, "...కొంచెం పండ్లు కనపడల్లా" అన్నాడు. బస్సులో ఉన్నవాళ్లంతా తలో సలహా ఇచ్చారు. కండక్టరుకు మాత్రం బ్యాక్‌గ్రౌండ్‌లో కుక్కరు నచ్చలేదు.

మొదటి మూడు టేకులూ క్రిస్టినా తనే అల్లింది. వంకరగా వచ్చింది. నాలుగో టేకుకు సువర్ణ కూతురి చేతులు మెల్లగా పక్కకు తీసింది.

"నువ్వు అల్లొద్దు బంగారూ, పాడైపోతాది. నేనల్లతా. నువ్వు నా చేతుల మీద చేతులు పెట్టి నవ్వు సాలు."

"జేజి తాడో మా?"

"ఇది అయిపోనీ. దాన్ని తర్వాత చూస్తాం."

పదహారు టేకులు అయ్యాయి. 'హాయ్ ఫ్రెండ్స్' అన్న మాటకు అర్థం పోయి వట్టి చప్పుడు మిగిలింది. ఎండ వాలుతోంది. పదిహేడో టేకులో దేవుడి దయవల్ల అంతా కుదిరింది. కిటికీలోంచి పసుపు వెలుతురు, కూతురు ఒళ్లో కుదురుగా, అల్లిక అద్దంలా. సువర్ణ వేళ్లు వాటంతట అవే నడుస్తున్నాయి. రోజూ జడలు వేసే వేళ్లు కదా! ఒళ్లోకి వాలిన పిల్ల జడ చివర ఎర్ర రిబ్బను వేలాడుతోంది. కిట్టులో దారమూ ఎరుపే. అలవాటుపడ్డ వేళ్లు ఆ రిబ్బనునూ, దాని పక్కన కాస్త జుట్టునూ కూడా అందుకుని తాడులో కలిపి అల్లేశాయి.

"అమ్మా! నొస్తాది!"

తొమ్మిది అంగుళాల తాడు, అందులో రెండు అంగుళాల కూతురు!

విప్పాలంటే అంతా విప్పాలి. ఎండ ఇంకో ఐదు నిమిషాలు ఉంటుందేమో. పాఠకులారా, ఇక్కడ ఏ తల్లి అయినా ఏం చేస్తుంది? జుట్టు మళ్లీ పెరుగుతుంది, లైటు మళ్లీ వస్తుందా? సువర్ణ కత్తెర తీసుకుంది. రిబ్బనూ జుట్టు కొసా కత్తిరించింది, తాడు జోలికి పోలేదు.

"ఏడవొద్దు బంగారూ, మొహం పాడైతాది. నవ్వు."

క్రిస్టినా నవ్వింది. ఆ నవ్వే ఫైనల్ టేకు.

జయరత్నమ్మ లేచి వచ్చి, నేలమీద పడిన వెంట్రుకలు ఏరి, రెండు వేళ్ల మధ్య చుట్టింది.

"పాత దుప్పటి చింపేదానికే నేను రెండు తూర్లు ఆలోచించినానమ్మా" అంది. ఆ ఒక్క మాటకే సువర్ణకు ఆ రాత్రి అన్నం సయించలేదు. కానీ గడువు మర్నాడే.

ఆదివారం సాయంత్రం జేజి బస్సుకు బయలుదేరింది. చుక్కకు తాడు కాలేదు. ఎడిటింగూ, మ్యూజిక్కూ, పేరు రాయడమూ ఉంటే తాడు అల్లడానికి టైమెక్కడిది? సువర్ణ మొహమాటపడి మిగిలిన శాటిన్ అల్లిక తెచ్చి ఇచ్చింది.

"ఇది కడితే నా మేకపిల్ల పెండ్లికి పోతాదే గానీ గుంజకాడ నిలస్తాదా?" అని అత్తగారు దాన్ని తిరిగిచ్చేసింది. దుప్పటి పేలికలూ, జానెడు వంకర తాడూ మాత్రం అక్కడే ఉంచింది. క్రిస్టినా గుమ్మం దగ్గర నిలబడి బస్టాండు వైపు చాలాసేపు చూసింది. మాట ఇచ్చి తప్పిన మనిషి ఎలా ఉంటుందో అలా ఉంది, ఆరేళ్ల వయసులో.

సరే, అసలు సంగతికి వద్దాం. ఫస్ట్ ప్రైజ్! ఎనభైనాలుగు లైకులు! గురుమూర్తి కూడా చప్పట్ల బొమ్మ పెట్టాడు, లోపల ఏడ్చుకుంటూ. సర్టిఫికెట్ మీద 'బెస్ట్ లిటిల్ హ్యాండ్స్' అని బంగారు అక్షరాలు. యాభైరెండు సెకన్ల వీడియోలో ఆ లిటిల్ హ్యాండ్స్ కనబడింది నాలుగు సెకన్లు. మిగతా నలభై ఎనిమిదీ ముప్ఫైమూడేళ్ల స్టాఫ్ నర్సు చేతులు. ఆ తాడును లామినేషన్ చేయించి బడి బోర్డు మీద అంటించారు. బడి గేటు దగ్గర సువర్ణ తలెత్తి నడిచింది. మొహం చాటేయడం ఇప్పుడు మిగతా తల్లుల వంతు.

ఇంత జరిగాక కూడా 'పిల్ల ఏం నేర్చుకుంది' అని అడిగేవాళ్లు ఉంటారు. వాళ్ల నోళ్లు మూయించే సంఘటన బుధవారం జరిగింది.

మార్నింగ్ డ్యూటీ ముగించుకుని సువర్ణ ఇంటికి వచ్చింది. తెల్ల బూట్లు ఇంకా విప్పలేదు. ఆమె వచ్చేదాకా పిల్లలను కనిపెట్టుకుని ఉండే పక్కింటావిడ వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. ముందుగదిలో సైమన్ నేలమీద కూర్చుని ఉన్నాడు. వాడి ఎదురుగా స్టీలు గ్లాసుకు ఆనించి పలక నిలబెట్టి ఉంది. అది ఫోను. క్రిస్టినా చేతిలో జేజి పేలికలు. వాటి ముడి కుర్చీ కాలికి కట్టి ఉంది.

"హాయ్ ఫ్రెండ్స్ అనరా."

"ఆయ్ పెండ్స్."

సైమన్ ఒక పేలిక అందుకోబోయాడు. అక్క వాడి చెయ్యి మీద ఒక్కటి వేసింది.

"ముట్టుకోవద్దు! వంకర పోతాది. నేనల్లతా, నువ్వు నవ్వు సాలు. పండ్లు కనపడల్లా. కట్! మళ్లా."

వాడు ఉన్న పళ్లన్నీ చూపించాడు. క్రిస్టినా కాసేపు అల్లినట్టు చేసి, పక్కనున్న కత్తెర తీసుకుంది. తమ్ముడి తల మీద చెయ్యి వేసి, చాలా ముద్దుగా, అచ్చం అమ్మ గొంతుతో అంది:

"ఇప్పుడు నీ జుట్టు కొంచెం కత్తిరించాల. లాస్టులో కత్తిరిస్తారు. ఏడవొద్దు బంగారూ, నవ్వు."

చూశారా! పిల్ల ఏమీ నేర్చుకోలేదన్నది ఎవరు? ఒక్క మెట్టు కూడా వదలకుండా నేర్చుకుంది. నేర్చుకోవడమే కాదు, తర్వాతి తరానికి అందిస్తోంది. విద్య ఇంత చెక్కుచెదరకుండా ఒక చేతినుంచి ఇంకో చేతికి వెళ్లడం మన తాతల కాలంలో ఎవరైనా చూశారా?

ఇక్కడితో ముగిస్తే నా వాదనకు తిరుగుండేది కాదు. కానీ సువర్ణ అంతా పాడుచేసింది.

గుమ్మంలో నిలబడ్డ మనిషి ఒక్క అంగలో వచ్చి కత్తెర లాక్కుని బీరువా మీద పెట్టింది. కూతురు బిక్కచచ్చిపోయింది. "నేనేం తప్పు చేయలేదు మా. నువ్వు చేసినట్లే చేస్తాండా" అంది. సువర్ణ కూతురి జడ పట్టుకుని, పొట్టిగా మిగిలిన ఆ కొసను వేళ్లతో దువ్వింది. కళ్లు తుడుచుకుంది. తర్వాత నేలమీద చతికిలబడి, తెల్ల బూటు విప్పింది. మేజోడు విప్పింది. కాలు చాపింది.

"ఈడ తగిలించు" అంది.

క్రిస్టినా పలక వైపు చూసింది. "కాలు ఫ్రేములో పడతాదమ్మా."

"ఫ్రేము లేదులే. తగిలించు."

సంధ్య వేళ దాకా అల్లారు. పక్కింటి కుక్కరు ఏడు కూతలు కూసింది, ఇక్కడ పొయ్యి వెలిగించడానికి ఎవరూ లేవలేదు. కొంత సైమన్ కూడా అల్లాడు, దాన్ని అల్లిక అనవచ్చో లేదో నేను చెప్పలేను. వంకర పోయినచోట సరిచేద్దామని సువర్ణ చేతులు నాలుగుసార్లు లేచాయి. నాలుగుసార్లూ వాటిని వెనక్కి తీసుకుని, చివరికి తన చేతుల మీద తనే కూర్చుంది. ఎవరికీ దొరకని నరం పట్టే ఆ చేతులకు అంతటి కష్టమైన పని అంతకు ముందు తగల్లేదు.

ఆ సమయంలో ఫోన్ లోపలి గదిలో చార్జింగుకు ఉంది. ఒక్క ఫోటో లేదు, ఒక్క క్లిప్పు లేదు. కాబట్టి ఆ సాయంత్రం క్రిస్టినా తాడు అల్లడం నేర్చుకుందని నేను చెబితే మీరు నమ్మనక్కర్లేదు. నా దగ్గర ఏ ఆధారమూ లేదు.

ఆ తాడును మర్నాడు రామసముద్రం బస్సులో తెలిసినవాళ్ల చేతికిచ్చి పంపారు. దాని అందం గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది.

నాలుగో రోజు జయరత్నమ్మ ఫోన్ చేసింది. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన సువర్ణ స్పీకర్ నొక్కింది.

"ఏమే క్రిస్టినా, మూడు దినాలకే తెంపేసిందిమే చుక్క నీ తాడు! నడిమిన వదులుగా అల్లినట్లుండావు. ఇంకోటి అల్లి పంపు. ఈ తూరి బిగించి అల్లు, ఇనపడతాందా?"

పిల్ల ఎక్కడ చిన్నబుచ్చుకుంటుందోనని సువర్ణ కూతురి మొహంలోకి చూసింది. క్రిస్టినా మొహం వెలిగిపోతోంది. మొదటి ప్రైజు వచ్చిన రోజు కూడా ఆ మొహం అలా లేదు. బడి బోర్డు మీద లామినేషన్లో ఉన్న తాడు ఈ రోజుకీ చెక్కుచెదరలేదు, కానీ అలాంటిది ఇంకోటి కావాలని క్రిస్టినాను అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

"జేజి ఇంకోటి అల్లమనింది!" అని సైమన్‌కు చెప్పి, పేలికల కోసం లోపలికి పరుగెత్తింది. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, వెనక్కి తిరిగింది.

"అమ్మా, బూట్లు విప్పు."